కరెంటు బిల్లు, గ్యాస్ సిలిండర్లపై ప్రభుత్వ సాయం: ముందు మీటరు ఎవరి పేరున ఉందో చూసుకోండి

ఈ మధ్య కృష్ణా డెల్టా గ్రామాల్లో ఏ సమావేశానికి వెళ్లినా విత్తనాలు, యూరియా, కాలువ నీటి మాటలు అయ్యాక ఇంకో మాట వస్తోంది. పక్కింటివాళ్లకు గ్యాస్ డబ్బులు పడ్డాయి, మాకు పడలేదేమని ఒకరు అడుగుతారు. కరెంటు మీటరు వల్ల మా అమ్మ పింఛను ఆగిందంటున్నారు, మేం వాడేది రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్జే కదా అని ఇంకొకరు అడుగుతారు. ఇది వ్యవసాయ శాఖ పని కాదు. అయినా ఇంటి ఖర్చు తగ్గితేనే సార్వాకు పెట్టుబడి చేతిలో మిగులుతుంది. అందుకే ఇంటి కరెంటు, వంటగ్యాస్, మిద్దె మీద సోలార్ విషయంలో ప్రభుత్వం ఇచ్చే సాయం గురించి, అది చేతికందకుండా పోయే కారణాల గురించి ఈ వ్యాసంలో వివరిస్తున్నాం.

పథకాల పేర్లు మీరు టీవీలో వింటూనే ఉన్నారు. అర్హత ఉండి కూడా సాయం రానివాళ్లలో చాలామందికి అడ్డం పడేది పథకం కాదు, కాగితం. మీటరు చనిపోయిన తాతగారి పేరున ఉంటుంది. గ్యాస్ బుక్కు అత్తగారి పేరున ఉంటుంది. ఆధార్ ఇంకేదో బ్యాంకు ఖాతాకు కలిసి ఉంటుంది. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

మీటరు పేరు, ఆధార్ లంకె

మీ ఇంటి కరెంటు బిల్లు ఒకటి తీసి చూడండి. పైన సర్వీసు నంబరు, దాని కింద వినియోగదారుడి పేరు ఉంటాయి. ఆ పేరు ఇప్పుడు ఆ ఇంట్లో ఉంటున్న మనిషిదేనా? డెల్టాలో పాత ఇళ్లలో సగానికి సగం కాదనే చెప్పాలి. అన్నదమ్ములు విడిపోయి ఇల్లు పంచుకుని ఇరవై ఏళ్లయినా బిల్లు మాత్రం తండ్రి పేరునే వస్తూ ఉంటుంది. బిల్లు కట్టేంతవరకు ఎవరూ అడగరు కాబట్టి మనమూ పట్టించుకోం.

ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, మన రాష్ట్రంలో సంక్షేమ పథకాల అర్హత చూసేటప్పుడు కుటుంబం భూమి, ఆదాయంతో పాటు ఇంటి కరెంటు వాడకాన్ని కూడా చూస్తారు. నెలకు సగటున 300 యూనిట్లు దాటితే ఆ కుటుంబాన్ని అర్హుల జాబితా నుంచి పక్కన పెడతారు. ఏడాది వాడకాన్ని పన్నెండు నెలలకు భాగించి ఈ సగటు తీస్తారు. పింఛన్లు, తల్లికి వందనం లాంటి వాటికి ఈ వడపోత ఉంది. ఈ లెక్క చేసేది మనిషి కాదు, కంప్యూటరు. ఏ ఆధార్ నంబరుకు ఏ మీటర్లు కలిసి ఉన్నాయో అది చూస్తుంది, అన్నింటి యూనిట్లూ కూడుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. తండ్రి పేరున ఒకే ఆధార్ కింద మూడు మీటర్లు ఉన్నాయి: పాత పెంకుటిల్లు, పెద్ద కొడుకు డాబా, చిన్న కొడుకు డాబా. పెంకుటింట్లో ముసలి దంపతులు వాడేది 60 యూనిట్లు. కొడుకుల ఇళ్లలో 130, 140. ఎవరి ఇల్లు వారు చూసుకుంటే ఎవరూ 300 దగ్గరకు కూడా రాలేదు. మూడూ కలిపితే 330. దెబ్బ పడేది ముసలాయన పింఛను మీద. నెలకు 4,000 రూపాయల చొప్పున ఏడాదికి 48,000 రూపాయలు. ఎకరం మినుము మీద మిగిలేదాన్ని దీనితో పోల్చుకుంటే నష్టం ఎంతో మీకే తెలుస్తుంది.

కౌలు రైతులకు ఇంకో రకం ఇబ్బంది ఉంది. అద్దె ఇంట్లో ఉన్న రోజుల్లో మీటరు దగ్గరకు వచ్చిన మనిషి అడిగితే ఆధార్ ఇచ్చి ఉంటారు. ఇల్లు మారి నాలుగేళ్లయినా ఆ పాత మీటరు ఇంకా మీ ఆధార్‌కే కలిసి ఉండవచ్చు. అక్కడ ఇప్పుడు ఎవరో ఏసీ వేసుకుని పడుకుంటే యూనిట్లు మీ ఖాతాలో పడతాయి.

చేయాల్సింది ఇది. ముందుగా గ్రామ సచివాలయానికి వెళ్లి, మీ ఆధార్‌కు ఏయే సర్వీసు నంబర్లు కలిసి ఉన్నాయో చూసి చెప్పమని అడగండి. మీవి కానివి ఉంటే ఆ నంబర్లు రాసుకుని మీ సెక్షన్ విద్యుత్ కార్యాలయంలో ఏఈ గారికి అర్జీ ఇవ్వండి. అర్జీ నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోవడం మరవద్దు. అక్కడ సరిచేశాక ఆ కాగితాన్ని మళ్లీ సచివాలయంలో చూపించి పథకం వైపు కూడా సవరణ పెట్టించాలి. చాలామంది మొదటి పని చేసి ఇంటికి వచ్చేస్తారు, రెండోది వదిలేస్తారు. కరెంటు ఆఫీసులో సరిచేసినంత మాత్రాన పింఛను దానంతట అదే తిరిగి రాదు.

పేరు మార్పిడి అసలు కష్టమైన పని కాదు. యజమాని చనిపోతే మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, ఇంటి పన్ను రసీదు, ఆధార్, పాత బకాయి లేదని చూపే తాజా బిల్లు సిద్ధం చేసుకోండి. మిగతా వారసులకు అభ్యంతరం లేదనే కాగితం కూడా అడుగుతారు. అన్నదమ్ముల మధ్య మాట బాగున్నప్పుడే ఈ సంతకాలు పెట్టించుకోండి. గట్టు తగాదా వచ్చాక సంతకం కోసం వెళితే దొరకదు.

బిల్లు ఎలా పెరుగుతుందో తెలుసుకోండి

మన విజయవాడ, కృష్ణా, గుంటూరు ప్రాంతాలకు కరెంటు ఇచ్చేది ఏపీసీపీడీసీఎల్. విజయవాడ కేంద్రంగా 2020లో ఈ సంస్థ మొదలైంది. ధరలు నిర్ణయించేది మాత్రం ఆ సంస్థ కాదు, విద్యుత్ నియంత్రణ మండలి. 2022 ఏప్రిల్ నుంచి ఇళ్లకు మెట్ల పద్ధతి అమలులోకి వచ్చింది. మొదటి 30 యూనిట్లకు యూనిట్‌కు 1 రూపాయి 90 పైసలు. 31 నుంచి 75 వరకు 3 రూపాయలు. 76 నుంచి 125 వరకు 4 రూపాయల 50 పైసలు. 126 నుంచి 225 వరకు 6 రూపాయలు. ఆపైన 400 వరకు 8 రూపాయల 75 పైసలు, అది కూడా దాటితే 9 రూపాయల 75 పైసలు.

ఇందులో పేదింటికి ఇచ్చే సాయం ఎక్కడుందని అడగవచ్చు. మొదటి రెండు మెట్లలోనే ఉంది. ఆ ధరకు కరెంటు తయారై మన ఇంటికి రాదు. తేడాను ప్రభుత్వం సబ్సిడీగా, ఎక్కువ వాడేవాళ్లు ఎక్కువ ధరగా భరిస్తున్నారు. 75 యూనిట్లు వాడిన ఇంటికి కరెంటు ఛార్జీ 192 రూపాయలు. 125 వాడితే 417. 225 వాడితే 1,017. అంటే వాడకం మూడు రెట్లయితే ఛార్జీ అయిదు రెట్లు దాటుతోంది. దీనిపైన స్థిర ఛార్జీ, వినియోగదారు ఛార్జీ, సుంకం, ఇంధన సర్దుబాటు ఛార్జీ వేరుగా పడతాయి. బిల్లు చూసి జనం మండిపడేది ఈ సర్దుబాటు దగ్గరే. అది కూడా యూనిట్ల మీదే పడుతుంది కాబట్టి యూనిట్లు తగ్గించడమే మన చేతిలో ఉన్న పని.

ఎలా తగ్గించాలి? పాత ఫ్యాన్ 75 వాట్లు లాగుతుంది. మూడు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 81 యూనిట్లు. అదే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే 32 యూనిట్లు. నెలకు దాదాపు 49 యూనిట్ల తేడా. మీరు 6 రూపాయల మెట్టులో ఉంటే నెలకు దాదాపు 290 రూపాయలు మిగులుతాయి. ఫ్యాన్ ఖరీదు ఎక్కువే, మూడూ ఒకేసారి కొనక్కర్లేదు. రాత్రంతా తిరిగే పడకగది ఫ్యాన్‌తో మొదలుపెట్టండి. వేడినీళ్లకు వాడే 1,500 వాట్ల రాడ్డు రోజుకు గంట పెడితే నెలకు 45 యూనిట్లు. దొడ్లో కొబ్బరి మట్టలు, పత్తి కట్టె ఉండగా దీని అవసరం ఎంతో ఆలోచించండి.

పశువులున్న రైతులకు ఒక మాట. చాఫ్ కట్టర్, నీళ్ల మోటారు ఇంటి మీటరు మీదే నడుపుతుంటారు. ఒక హార్స్‌పవర్ మోటారు గంట తిరిగితే దాదాపు ఒక యూనిట్. తొట్టి నిండాక కూడా పావుగంట పొర్లుతూ ఉండే ఇళ్లు చాలా చూస్తుంటాం. పొలానికి వ్యవసాయ సర్వీసుపై ఉచిత కరెంటు విడిగా ఉంది. ఇంటి మీటరు నుంచి వైరు లాగి చేలో మోటారు నడపకండి. బిల్లు సంగతి అటుంచి, తడి నేలలో అతుకుల వైరు ప్రాణాల మీదకు తెస్తుంది.

ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 200 యూనిట్లు

ఎస్సీ, ఎస్టీ కుటుంబాల ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితం. అంతకుముందు 100 యూనిట్లుగా ఉన్న పరిమితిని 2019లో 200కు పెంచారు. ఆ ఖర్చును ప్రభుత్వం విద్యుత్ సంస్థకు చెల్లిస్తుంది. కుల ధ్రువీకరణ పత్రం, మీటరు పేరు సరిపోవాలి. ఇక్కడ కూడా తాతగారి పేరు సమస్యే వస్తుంది.

అసలు జాగ్రత్తపడాల్సింది 200 గీత దగ్గర. ఇది 200 లోపు వాడిన ఇంటికి ఇచ్చే సాయం. గీత దాటిన నెలలో పై యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచి బిల్లు కట్టాలి. 201 యూనిట్లకు కరెంటు ఛార్జీ ఒక్కటే 873 రూపాయలు అవుతుంది. ఒక్క యూనిట్ తేడాకు అంత భారం. ఏప్రిల్, మే నెలల ఎండలకు కూలర్ పెట్టిన ఇళ్లకు ఇది తగులుతుంది.

అందుకే రీడింగ్ తేదీ చూసుకోండి. రోజుకు ఆరున్నర యూనిట్లు వాడే ఇంట్లో 30 రోజులకు రీడింగ్ తీస్తే 195 వస్తుంది. మీటరు రీడరు మూడు రోజులు ఆలస్యంగా వచ్చి 33 రోజులకు తీస్తే 214. మీ వాడకం పెరగలేదు, రోజులు పెరిగాయి. బిల్లు మీద గత రీడింగ్ తేదీ, ఇప్పటి రీడింగ్ తేదీ రెండూ ఉంటాయి. తేడా కనిపిస్తే బిల్లు కట్టేలోపే అర్జీ పెట్టండి, ఆరు నెలలు ఆగి పెడితే విని ఊరుకుంటారు. నెల మధ్యలో ఒకసారి మీటరులో అంకె మీరే చూసి క్యాలెండరు మీద రాసుకునే అలవాటు మంచిది. పాల లెక్క రాసుకోవడం లేదూ, అలాగే.

పెడన లాంటి చోట్ల వ్యవసాయంతో పాటు మగ్గం ఉన్న కుటుంబాలు కూడా ఉన్నాయి. చేనేత మగ్గాలున్న ఇళ్లకు 200 యూనిట్ల వరకు, మరమగ్గాలకు 500 యూనిట్ల వరకు ఉచిత కరెంటు ఇస్తామని ప్రభుత్వం 2025లో ప్రకటించింది. మగ్గం ఉన్నవారు చేనేత శాఖ జాబితాలో తమ పేరు ఉందో లేదో సచివాలయంలో చూసుకోవాలి.

దీపం-2: ఏడాదికి మూడు సిలిండర్లు

దీపం అనే పేరు మన అక్కచెల్లెళ్లకు కొత్త కాదు. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో మహిళా సంఘాల సభ్యులకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చిన పథకం అది. ఇప్పుడున్న దీపం-2 వేరు. 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో ప్రారంభమైంది. తెల్ల రేషన్ కార్డు, ఆధార్, వాడుకలో ఉన్న గ్యాస్ కనెక్షన్ ఉన్న కుటుంబానికి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. ఏప్రిల్ నుంచి జూలై వరకు ఒకటి, ఆగస్టు నుంచి నవంబరు వరకు ఒకటి, డిసెంబరు నుంచి మార్చి వరకు ఒకటి. కట్టెల పొయ్యి మీద కొంత వంట చేసుకునే ఇళ్లలో సిలిండరు అయిదు నెలలు వస్తుంది, దాంతో ఒక విడత బుకింగే చేయరు. నాలుగు నెలల గడువు దాటనివ్వకండి.

ఉచితమంటే బండి దగ్గర డబ్బు కట్టక్కర్లేదని కొందరు అనుకున్నారు. సాధారణంగా ముందు ధర మనమే కట్టాలి, సిలిండరు అందాక రెండు రోజుల్లో ఆ డబ్బు ఖాతాలో పడాలి. నాట్ల సమయంలో చేతిలో ఆ ఎనిమిది, తొమ్మిది వందలు లేక బుకింగు వాయిదా వేసేవాళ్లు ఉన్నారు. కూలి డబ్బులు వచ్చే వారంలోనే బుక్ చేసుకోండి.

డబ్బు పడలేదంటే వరసగా మూడు విషయాలు చూడండి. మొదటిది, గ్యాస్ ఏజెన్సీలో ఈకేవైసీ పూర్తయిందా? వేలిముద్ర పడని ముసలివాళ్లకు ముఖం గుర్తింపుతో కూడా చేస్తారు. రెండోది, కనెక్షన్ ఎవరి పేరున ఉందో ఆ మనిషి పేరు రేషన్ కార్డులో ఉందా? ఒక కార్డుకు ఒక కనెక్షన్‌కే సాయం వస్తుంది. అత్తగారు చనిపోయి ఉంటే కనెక్షన్‌ను కోడలి పేరుకు మార్పించుకోవాలి.

మూడోది బ్యాంకు. ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. ఆధార్ ద్వారా వచ్చే డబ్బు మీరు చెప్పిన ఖాతాకు పోదు, ఆధార్‌కు చివరిగా మ్యాప్ చేసిన ఖాతాకు పోతుంది. పీఎం కిసాన్, అన్నదాత సుఖీభవ డబ్బుల విషయంలో మీకు ఇది అనుభవమే. ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాలో మూడు సిలిండర్ల డబ్బూ ఉండవచ్చు. బ్యాంకుకు వెళ్లి మ్యాపింగు ఏ ఖాతాకు ఉందో చూపించమనండి. కొందరికి కేంద్రం వాటా, రాష్ట్రం వాటా రెండు జమలుగా పడతాయి. ఒకటే చూసి తక్కువ పడిందని కంగారు పడవద్దు. ఇవన్నీ సరిగా ఉండి కూడా రాకపోతే పౌర సరఫరాల ఉచిత నంబరు 1967కు ఫోన్ చేయండి.

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో విజయవాడ సింగ్‌నగర్ వైపు ఎన్నో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటప్పుడు గ్యాస్ పుస్తకం, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం నానిపోతే సాయం అందుకునే దారి కూడా మూసుకుపోతుంది. కరెంటు బిల్లు, గ్యాస్ పుస్తకం, రేషన్ కార్డు, పాస్‌బుక్ మొదటి పేజీ ఫోన్‌లో ఫొటో తీసి, దూరాన ఉన్న పిల్లలకో అల్లుడికో కూడా పంపి ఉంచండి. మీటరు నీట మునిగితే నీరు తీశాక మీరే స్విచ్ వేయకండి. లైన్‌మన్ వచ్చి చూసేదాకా ఆగండి.

మిద్దె మీద సోలార్: అందరికీ కాదు

కేంద్రం 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం తెచ్చింది. ఒక కిలోవాట్‌కు 30,000 రూపాయలు, రెండు కిలోవాట్లకు 60,000, మూడు, అంతకన్నా ఎక్కువైతే 78,000 రూపాయల సబ్సిడీ. మన రాష్ట్ర ప్రభుత్వం బీసీలకు రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు మరో 10,000 చొప్పున కలుపుతోంది. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు రెండు కిలోవాట్ల వరకు ఉచితంగా పెట్టే పని చేపట్టింది.

ఏజెంట్లు ఊళ్లలో తిరుగుతున్నారు కాబట్టి లెక్క చెబుతాం. ఒక కిలోవాట్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. రెండు కిలోవాట్లు నెలకు 240. మీ వాడకం నెలకు 250 అయితే కరెంటు ఛార్జీ 1,235 రూపాయల పైమాట, అందులో ఎక్కువ భాగం మిగులుతుంది. సబ్సిడీ పోను మీ చేతి నుంచి 60,000 పడిందనుకున్నా నాలుగైదేళ్లలో తిరిగి వస్తుంది. అదే మీరు 80 యూనిట్లు వాడే ఇల్లయితే ఛార్జీ 215 రూపాయలు. దానికోసం అప్పు చేసి ప్యానెళ్లు పెడితే వాయిదా బిల్లు కన్నా ఎక్కువవుతుంది. అలాంటి ఇంటికి మా సలహా, వద్దు. ఉచితంగా పెడతామంటే ఆ సంగతి వేరు.

పెట్టించుకునేవాళ్లు ఇవి చూసుకోండి. డాబా మీద కిలోవాట్‌కు 100 చదరపు అడుగుల చోటు కావాలి, కొబ్బరి చెట్టు నీడ పడకూడదు. నాగాయలంక, కోడూరు వైపు ఉప్పు గాలికి మామూలు ఇనుము తుప్పు పడుతుంది, జింకు పూత ఉన్న చట్రమే అడగండి. తుపాను గాలికి లేవకుండా బిగింపు గట్టిగా ఉండాలి. వరి నూర్పిళ్ల రోజుల్లో ఊక దుమ్ము పేరుకుంటుంది, పొద్దున్నే ఎండ ఎక్కకముందు మెత్తటి గుడ్డతో నీళ్లు పోసి కడగాలి. ఇంకో అపోహ ఏమిటంటే, కరెంటు పోయినా సోలార్ ఉంటే ఇల్లు వెలుగుతుందనుకోవడం. బ్యాటరీ లేని ఈ వ్యవస్థలో లైను పోతే సోలార్ కూడా ఆగుతుంది. లైను మీద పనిచేసే మనిషికి షాక్ తగలకుండా అలా పెట్టారు.

దరఖాస్తు జాతీయ పోర్టల్‌లోనే చేయాలి, అందులో నమోదైన విక్రేతనే ఎంచుకోవాలి. సబ్సిడీ ప్యానెళ్లు బిగించి, నెట్ మీటరు పెట్టి, తనిఖీ అయ్యాక మీ ఖాతాకే వస్తుంది. దాన్ని ముందే ఇప్పిస్తానని డబ్బు, ఓటీపీ అడిగేవాళ్లను గడప ఎక్కనివ్వకండి. ఇక్కడ కూడా దరఖాస్తు చేసేవారి పేరు, బిల్లు మీద పేరు, బ్యాంకు ఖాతా పేరు ఒకటే కావాలి. తాతగారి పేరున మీటరు ఉంచుకుని దరఖాస్తు పెడితే తిరిగి వస్తుంది.

ఎవరిని అడగాలి

ముందు గ్రామ సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంట్‌ను, అక్కడ కాకపోతే సెక్షన్ ఏఈని అడగండి. కరెంటు ఫిర్యాదులకు 1912 ఉచిత నంబరు, ఏ వేళైనా చేయవచ్చు. ఫిర్యాదు నంబరు తప్పకుండా రాసుకోండి. బిల్లు తప్పు సరిచేయకపోతే విజయవాడలో విద్యుత్ వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక ఉంది. అక్కడ తెల్ల కాగితం మీద తెలుగులో అర్జీ రాసిచ్చినా తీసుకుంటారు, వకీలు అక్కర్లేదు. అర్జీతో పాటు చివరి ఆరు నెలల బిల్లులు జత చేయండి.